యంత్రానికి మాట నేర్పిన గ్రేస్ హాపర్

మానవుడు చేసే పనిలో పొరపాటు దొర్లడం సహజం. అయితే ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో కనుగొనడం, దానిని దాచకుండా గ్రంథస్థం చేయడం, మరొకరు అదే పొరపాటు చేయకుండా బాట వేయడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. ఈనాడు బ్యాంకు లెక్కలు మొదలుకొని రైలు టిక్కెట్ల వరకు సమస్తాన్నీ నడిపిస్తున్న కంప్యూటరు ఒకప్పుడు అంకెలు తప్ప మరేమీ ఎరుగని యంత్రం. దానితో పని చేయించుకోవాలంటే మనిషే దాని అంకెల భాషను నేర్చుకోవలసి వచ్చేది. ఆ స్థితిని మార్చి, మనిషి మాటను యంత్రం చేత గ్రహింపజేయవచ్చునని నిరూపించిన వారిలో అగ్రగణ్యురాలు గ్రేస్ హాపర్. గణితాచార్యురాలిగా, నౌకాదళాధికారిణిగా, కంప్యూటరు శాస్త్రజ్ఞురాలిగా ఆమె సాగించిన కృషి విజ్ఞానశాస్త్ర చరిత్రలో చిరస్మరణీయమైనది.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరంలో జన్మించింది. తండ్రి వాల్టర్ ఫ్లెచర్ మర్రే బీమా వ్యాపారి. తల్లి మేరీ కాంప్‌బెల్ వాన్ హార్న్. ముగ్గురు సంతానంలో గ్రేస్ పెద్దది. తల్లికి గణితమంటే ఎంతో అభిమానం. కాని ఆ కాలంలో ఆడపిల్లలు ఆ శాస్త్రాన్ని ఉన్నతస్థాయిలో అభ్యసించే ఆచారం లేనందున ఆమె కోరిక పూర్తిగా తీరలేదు. మాతామహుడు న్యూయార్కు నగరంలో ఇంజనీరు. ఆయన వీధుల కొలతలకు వెళ్లినప్పుడు మనుమరాలు ఎరుపు తెలుపు చారల కొలకర్ర పట్టుకొని వెంట నడిచేది.

ఏడేండ్ల వయస్సులో గ్రేస్ వేసవి విడిదిలోని ఒక అలారం గడియారాన్ని విప్పింది. అది ఎలా మ్రోగుతుందో తెలుసుకోవాలన్నదే ఆమె ఆశ. విప్పిన భాగాలను తిరిగి కూర్చడం చేతగాక, కూర్పు చూసి నేర్చుకుందామని రెండవ గడియారాన్ని విప్పింది. ఈ విధంగా ఇంటిలోని ఏడు గడియారాలూ ముక్కలైన తరువాత తల్లి సంగతి గ్రహించింది. ఆమె కూతురిని దండించలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకొమ్మని కట్టడి చేసింది. పనిచేసే వస్తువును విప్పి చూడాలనే ఈ తపన గ్రేస్‌ను జీవితాంతం విడువలేదు.

తండ్రి రక్తనాళాల వ్యాధికి గురై, చివరకు రెండు కాళ్లనూ కోల్పోయాడు. అయినా ఆయన ధైర్యం కోల్పోలేదు. తన తరువాత కుమార్తెలు ఒకరిపై ఆధారపడకుండా బ్రతకాలంటే కుమారునితో సమానంగా వారికీ ఉన్నత విద్య అవసరమని ఆయన భావించాడు. పదహారేండ్ల ప్రాయంలో గ్రేస్ వాసర్ కళాశాల ప్రవేశానికి ప్రయత్నించింది. లాటిన్ భాషలో తగినన్ని మార్కులు రాకపోవడంతో ఆమెకు ప్రవేశం లభించలేదు. ఆమె ఒక సంవత్సరం పట్టుదలతో చదివి, 1924లో అదే కళాశాలలో చేరింది. 1928లో గణిత, భౌతికశాస్త్రాలలో పట్టభద్రురాలయింది. 1930లో యేల్ విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టాను, 1934లో గణితంలో డాక్టరేటును పొందింది. 1930లోనే విన్సెంట్ ఫోస్టర్ హాపర్ అనే అధ్యాపకుని వివాహమాడి గ్రేస్ హాపర్ అయింది.

1931 నుండి ఆమె తాను చదివిన వాసర్ కళాశాలలోనే గణితం బోధించింది. ఆమె బోధనాపద్ధతి విలక్షణమైనది. గణిత సూత్రాన్ని నేర్పిన పిమ్మట, దానిని గూర్చి వ్యాసం వ్రాసుకొని రమ్మని విద్యార్థినులకు చెప్పేది. ఆ వ్యాసాలలోని వాక్యదోషాలను సైతం దిద్దేది. తాము చేరినది గణిత తరగతిలోనే గాని భాషా తరగతిలో కాదని విద్యార్థినులు నొచ్చుకునేవారు. తెలిసినదానిని ఇతరులకు అర్థమయ్యేట్లు చెప్పలేకపోతే ఎంత గణితం తెలిసినా ప్రయోజనం లేదని ఆమె వారికి నచ్చజెప్పేది. ఆ తరగతి గదిలో పాటించిన నియమాన్నే తరువాత ఆమె కంప్యూటరు రంగంలోనూ పాటించింది.

1941 డిసెంబరులో పెరల్ హార్బర్‌పై జపాను దాడి చేయడంతో అమెరికా ద్వితీయ ప్రపంచ సంగ్రామంలో ప్రవేశించింది. గ్రేస్ నౌకాదళంలో చేరాలని సంకల్పించింది. అప్పటికి ఆమె వయస్సు ముప్పై అయిదు దాటింది. నౌకాదళం విధించిన కనీస బరువు కంటె ఆమె బరువు 15 పౌండ్లు తక్కువ. పైగా గణితాధ్యాపకుల సేవ దేశానికి అవసరమని అధికారులు అడ్డు చెప్పారు. అయినా పట్టు విడువక, ప్రత్యేకమైన అనుమతులు సాధించి, 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులో చేరింది. శిక్షణలో ప్రథమ స్థానం పొందింది. 1944 జూలైలో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గణనశాలకు పంపారు.

అక్కడ ఆమెకు ఎదురైనది మార్క్ 1 అనే మహాయంత్రం. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. దాని రూపకర్త హోవర్డ్ ఐకెన్ అక్కడి అధిపతి. సెకనుకు మూడు కూడికలు చేయగల ఆ యంత్రం ఆనాటికి ఒక అద్భుతం. దానికి ఆదేశాలు ఇవ్వాలంటే పొడవైన కాగితపు పట్టీపై వరుస వరుసకూ రంధ్రాలు పొడవాలి. ఒక్క రంధ్రం స్థానం తప్పినా లెక్క తప్పుతుంది. ఎక్కడ తప్పిందో యంత్రం చెప్పదు. ఆగిపోతుంది, లేదా తప్పుడు ఫలితాన్నే సరైన దానివలె ముద్రిస్తుంది. ఆ తప్పు వెదకడానికి గ్రేస్, ఆమె సహచరులు రాత్రింబవళ్లు పట్టీలను పరిశీలించేవారు.

ఆ యంత్రాన్ని నడపడం తెలిసినవారు గుప్పెడు మంది మాత్రమే. వారి అనుభవం వారితోనే అంతరించిపోకూడదని ఐకెన్ తలచాడు. యంత్రాన్ని గూర్చి సమగ్రమైన గ్రంథం వ్రాయమని గ్రేస్‌ను ఆదేశించాడు. తనకు గ్రంథరచన తెలియదని ఆమె విన్నవించగా, నౌకాదళంలో ఉన్నవారు ఆజ్ఞను పాటించవలసిందేనని ఆయన గుర్తు చేశాడు. అది మొదలు ఆమె ప్రతిరోజూ అయిదు పుటలు వ్రాసి ఆయనకు చదివి వినిపించేది. 561 పుటల ఆ గ్రంథం 1946లో వెలువడింది. కంప్యూటరుకు ఆదేశాలు కూర్చే విధానాన్ని విశదంగా తెలిపిన తొలి గ్రంథాలలో అది ఒకటి. యంత్రం ఎంత గొప్పదైనా దాని వివరణ లేనిదే ఇతరులకు ఉపయోగపడదనే సత్యం ఆ రచనలో ఆమెకు అనుభవమయింది.

1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డ్‌లోని మార్క్ 2 యంత్రం సరిగా పనిచేయలేదు. సిబ్బంది ఒక్కొక్క భాగాన్నే పరిశీలిస్తూ పోగా, 70వ నంబరు రిలేలో చిక్కుకొని చనిపోయిన ఒక దీపపు పురుగు కనిపించింది. వారు దానిని తీసి, దినచర్య పుస్తకంలో కాలంతో సహా నమోదు చేసి, ఆ పురుగునే పుటకు అంటించారు. నిజమైన పురుగు దొరకడం ఇదే మొదటిసారి అని చమత్కారంగా వ్రాశారు. యంత్రదోషాన్ని పురుగు అనే అర్థం గల బగ్ అనే మాటతో చెప్పడం అంతకు ముందే, ఎడిసన్ కాలం నాటికే, ఇంజనీర్లలో వాడుకలో ఉంది. ఆ పురుగును కనుగొన్నది గ్రేస్ కాదు. కాని ఆ కథను దేశమంతటా ప్రచారం చేసినది ఆమెయే. ఆ పుస్తకం నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికా చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. జరిగిన దోషాన్ని కాలంతో, స్థలంతో, కారణంతో సహా నమోదు చేయడం ఎలాగో ఆ పుట చూసిన వారికి బోధపడుతుంది.

గ్రేస్ దృష్టికి వచ్చిన మరొక విషయం ఇంకా ముఖ్యమైనది. పదే పదే అవసరమయ్యే లెక్కల ఆదేశాలను ఆమె, ఆమె సహచరులు నోటు పుస్తకాలలో వ్రాసి ఉంచుకునేవారు. ఒకరి పుస్తకంలోనివి మరొకరు చేతితో నకలు చేసుకునేవారు. ఆ నకళ్లలోనే తప్పులు దొర్లేవి. ఒక అక్షరం మరొక అంకెవలె కనిపించేది. చిరునామా అంకెలను మార్చి కలుపుకొనేటప్పుడు కూడిక తప్పేది. నకలు చేయడం, కూడడం అనే రెండు పనులలో మనిషి పొరపాటు చేయక మానడు. యంత్రానికి ఆ రెండూ బాగా వచ్చు. అటువంటప్పుడు ఆ పనిని యంత్రానికే ఎందుకు అప్పగించకూడదు? ఈ ప్రశ్నయే ఆమె జీవితంలో మలుపు అయింది.

ఈ మలుపుకు ముందు ఆమె కొన్ని చీకటి రోజులను ఎదుర్కొన్నది. 1945లో వివాహబంధం తెగిపోయింది. 1949లో హార్వర్డ్‌లోని పదవీకాలం ముగిసింది. అక్కడ స్త్రీలకు స్థిరమైన పదవి దొరికే అవకాశం లేదు. ఆ ఒంటరితనంలో, పని ఒత్తిడిలో ఆమె మద్యపానానికి లోనయి ఆరోగ్యాన్ని చెడగొట్టుకొన్నది. మిత్రులు ఆమెను హెచ్చరించి ఆదరించారు. ఆమె క్రమంగా కోలుకొని, తన శక్తినంతా కొత్త పనిపై కేంద్రీకరించింది. 1949లో ఆమె చేరిన ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్–మాక్లీ సంస్థ యూనివాక్ అనే కంప్యూటరును నిర్మిస్తూ ఉండేది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ రెమింగ్టన్ రాండ్ సంస్థలో భాగమయింది.

యూనివాక్ కోసం గ్రేస్ 1951, 52 సంవత్సరాలలో ఏ–0 అనే ప్రోగ్రామును రూపొందించింది. అనేక లెక్కల ఆదేశాలను టేపుపై వరుసగా భద్రపరచి, ఒక్కొక్క దానికి ఒక గుర్తు ఇచ్చింది. ప్రోగ్రాము వ్రాసేవారు ఆ గుర్తులను మాత్రమే క్రమంగా ఇస్తే చాలును. యంత్రమే టేపును వెదకి, కావలసిన ఆదేశాలను తెచ్చి, చిరునామాలను సరిచేసి, ఒక సంపూర్ణమైన ప్రోగ్రాముగా కూర్చేది. అనేక గ్రంథాల నుండి విషయాలను సేకరించి ఒక గ్రంథంగా సంకలనం చేసినట్లుగా ఉన్నందున దానికి కంపైలరు అని పేరు పెట్టింది. నేడు కంపైలరు అంటే మనిషి వ్రాసిన భాషను యంత్రభాషలోనికి మార్చే ప్రోగ్రాము అని అర్థం. ఆ ప్రస్థానానికి ఏ–0 తొలి అడుగు.

ఆ కూర్పులో ఒక చిక్కు ఏర్పడింది. ఇంకా కూర్చని భాగానికి ముందుకు దూకవలసి వస్తే దాని చిరునామా యంత్రానికి తెలియదు. కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆడిన అనుభవం గ్రేస్‌కు ఇక్కడ తోడ్పడింది. ఆటలో బంతిని ఒక తోటి క్రీడాకారిణికి అందించి, తాను ముందుకు పరుగెత్తి, మళ్లీ ఆ బంతిని అందుకొన్నట్లుగా, యంత్రస్మృతి చివర ఒక మూలను ఆమె ప్రత్యేకించింది. తెలియని చోటికి దూకే ఆదేశాన్ని మొదట ఆ మూలకు మళ్లించింది. గమ్యం తెలిసిన తరువాత, ఆ మూల నుండి గమ్యానికి దారి చూపే మరొక ఆదేశాన్ని అక్కడ చేర్చింది. కేవలం వెయ్యి పదాల స్మృతి గల యంత్రంలో ఈ ఉపాయం ఎంతో అక్కరకు వచ్చింది.

1952 మేలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆమె ఈ విషయంపై పత్రం సమర్పించింది. కంప్యూటరు లెక్కలు మాత్రమే చేయగలదనీ, ప్రోగ్రాములు వ్రాయడం దానికి సాధ్యం కాదనీ అనేకులు ఆమె మాటను తోసిపుచ్చారు. కొందరు నిపుణులకు తమ విద్యకు విలువ తగ్గుతుందనే శంక కూడా ఉండేది. ఆమె వాదనకు దిగలేదు. లోపాలు సవరిస్తూ ఏ–1ని, తరువాత ఏ–2ని సిద్ధం చేసింది. 1953లో ఏ–2ను వివరాలతో సహా వినియోగదారులకు పంపి, వారి సవరణలను ఆహ్వానించింది. తన పనిలోని తప్పులను ఇతరులు చూపితే దానిని అవమానంగా గాక సహాయంగా ఆమె భావించింది.

ఇంతటితో ఆమె తృప్తి చెందలేదు. గణితజ్ఞులకు గుర్తులు అలవాటే. కాని వ్యాపార సంస్థలలో జీతాల లెక్కలు, సరుకుల జాబితాలు వ్రాసేవారికి ఆ గుర్తులు అర్థం కావు. కేవలం అంకెలలో ఉన్న ప్రోగ్రాములో తప్పు ఉంటే దానిని వ్రాసినవాడు తప్ప మరొకరు కనుగొనలేరు. అదే ప్రోగ్రాము మామూలు మాటలలో ఉంటే, లెక్క తెలిసిన గుమాస్తా సైతం చదివి, ఫలానా చోట తప్పు ఉన్నదని చూపగలడు. కావున ఆదేశాలు ఇంగ్లీషు క్రియాపదాలలోనే ఉండాలని 1955లో ఆమె ప్రతిపాదించింది. పద్ధతి ఎంత సులభమో చూపడానికి అవే ఆదేశాలను ఫ్రెంచిలోను, జర్మనులోను కూడా ఇచ్చి చూపింది. అది బెడిసికొట్టింది. అమెరికాలో తయారైన యంత్రానికి పరాయి భాషలు ఎలా వస్తాయని యాజమాన్యం భయపడింది. యంత్రానికి ఏ భాష అయినా కొన్ని గుర్తుల వరుసయేనని వారికి నచ్చజెప్పడానికి ఆమెకు చాలాకాలం పట్టింది. ఆ కృషి ఫలితమే ఫ్లో–మాటిక్ అనే భాష.

ఆ రోజులలో ఒక్కొక్క తయారీదారు యంత్రానికి ఒక్కొక్క భాష ఉండేది. ఒక యంత్రానికి వ్రాసిన ప్రోగ్రాము మరొకదానిపై నడవదు. 1959లో ప్రభుత్వ ప్రతినిధులు, తయారీదారులు, వినియోగదారులు కలిసి ఒక ఉమ్మడి భాషను నిర్మించడానికి పూనుకొన్నారు. దానికి గ్రేస్ సాంకేతిక సలహాదారుగా వ్యవహరించింది. జీన్ సామెట్ మొదలైన పలువురు నిపుణులు కూర్చిన ఆ భాషయే కోబాల్. దానికి ముఖ్యమైన ఆధారం ఫ్లో–మాటిక్. ప్రోగ్రాము పేరు, నడిచే యంత్రం, అందులోని సమాచారం, చేయవలసిన పని అనే నాలుగు విభాగాలుగా కోబాల్ ప్రోగ్రాము ఉంటుంది. ప్రోగ్రామే తన వివరణ తాను చెప్పుకొనేట్లు చేయడం ఈ ఏర్పాటులోని ఉద్దేశం. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు సంస్థల యంత్రాలపై నడిపి చూపారు. ఆ భాషకు మాటలెక్కువ అని విమర్శించినవారు కూడా లేకపోలేదు. అయినా అది వ్యాపార ప్రపంచమంతటా వ్యాపించింది.

1966 చివర గ్రేస్ నౌకాదళం నుండి విశ్రాంతి తీసుకున్నది. అది ఎంతోకాలం సాగలేదు. నౌకాదళంలో కోబాల్ కంపైలర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా ప్రవర్తించి చిక్కులు తెచ్చిపెట్టాయి. వాటిని చక్కదిద్దడానికి 1967 ఆగస్టులో ఆరు నెలల కోసమని ఆమెను తిరిగి పిలిచారు. ఆ కొలువు దాదాపు రెండు దశాబ్దాలు సాగింది. ఆమె బృందం కంపైలర్లను పరీక్షించే ప్రోగ్రాములను తయారు చేసింది. ప్రమాణంలోని ఒక్కొక్క నియమాన్ని కంపైలరు సరిగా పాటిస్తున్నదో లేదో ఆ ప్రోగ్రాములు పరీక్షించి, ఎక్కడ నెగ్గిందో ఎక్కడ తప్పిందో నివేదించేవి. మనుషుల తప్పులు తగ్గించడానికి పుట్టిన కంపైలరులోని తప్పులను సైతం వెదకి చూపే ఏర్పాటు అది. ఆ తరువాత ఈ పద్ధతి అమెరికా ప్రభుత్వ విభాగాలన్నింటికీ విస్తరించింది.

కోబాల్ ప్రభావం తెలుగునాటనూ కనిపించింది. స్మృతిని పొదుపు చేయడానికి పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే వ్రాసేవారు. 2000 సంవత్సరం సమీపించగా ఆ తేదీలను సవరించడం ప్రపంచ సమస్య అయింది. ఆ సవరణ కోసం 1990వ దశకం చివర ఎందరో తెలుగు యువతీయువకులు కోబాల్ నేర్చుకొని హైదరాబాదులోను, అమెరికాలోను ఉద్యోగాలు చేశారు. ఎవరో ఎన్నడో వ్రాసిన ప్రోగ్రామును వేలాది మైళ్ల దూరంలోని మరొకరు చదివి దిద్దగలగడానికి అది మాటలలో ఉండడం ఎంతో తోడ్పడింది.

వృద్ధాప్యంలో కూడా గ్రేస్ దేశమంతటా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేది. విద్యుత్తు సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో ఎంత దూరం పోగలదో చూపడానికి దాదాపు అడుగు పొడవు గల తీగ ముక్కలను శ్రోతలకు పంచేది. ఆమె కార్యాలయంలో ముల్లు వెనుకకు తిరిగే గడియారం ఉండేది. అలవాటయిన పద్ధతియే సరైన పద్ధతి అని భావించేవారికి అది మౌనంగా సమాధానం చెప్పేది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ అనే చారిత్రక నౌకపై రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె పదవీ విరమణ చేసింది. అప్పటికి ఆమె వయస్సు 79 సంవత్సరాలు. 1991లో అమెరికా జాతీయ సాంకేతిక పతకం ఆమెను వరించింది. 1992 జనవరి 1వ తేదీన ఆమె కన్నుమూసింది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఆమెను ఖననం చేశారు. ఆమె పేర 1997లో ఒక యుద్ధనౌక సేవలో ప్రవేశించింది. 2016లో ఆమెకు మరణానంతరం అధ్యక్ష స్వేచ్ఛా పతకం లభించింది.

నేటి కంపైలరు ప్రోగ్రాములో తప్పు ఉంటే అది ఏ పంక్తిలో ఉందో, ఎందుకు తప్పో మాటలలో చెబుతుంది. ఏ పద్ధతి ఎలా వాడాలో తెలిపే వివరణ గ్రంథాన్ని సైతం ప్రోగ్రాము నుండియే తయారు చేసే సాధనాలు వచ్చాయి. ఇవన్నీ ఒక్కరి సృష్టి కావు. కాని యంత్రం మనిషికి అర్థమయ్యే మాటలో పలకాలనే ఆకాంక్షకు తొలి రోజులలోనే ప్రాణం పోసినవారిలో గ్రేస్ హాపర్ ముఖ్యురాలు. ఏడు గడియారాలను విప్పిన ఆ బాలిక, విప్పినదానిని తిరిగి కూర్చడం ఎలాగో నేర్చుకోవడమే గాక, కూర్చే విధానాన్ని తన తరువాతివారికి వ్రాసి ఇచ్చి వెళ్లింది.